జంతువుల జాతర: సాన్‌సాన్స్ ‘కార్నివాల్ ఆఫ్ ది ఆనిమల్స్’ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా పాప కీబోర్డ్ క్లాసులో ‘ది స్వాన్’ అనే చిన్న ముక్క నేర్చుకోవడం మొదలుపెట్టాక, తోటి తల్లిదండ్రులు, సంగీతం తెలిసిన స్నేహితులు నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అన్నీ ఒకచోట రాస్తే మేలనిపించింది. పాశ్చాత్య సంగీతం అసలు వినని వాళ్ళకి కూడా అర్థం కావాలనే రాశాను.

ఇంతకీ ఏమిటిది?

ఫ్రెంచ్ స్వరకర్త కామీయ్ సాన్‌సాన్స్ 1886లో రాసిన 14 చిన్న ముక్కల సంగీతం. మొత్తం కలిపినా అరగంట ఉండదు. కొన్ని ముక్కలు నిమిషంలోపే అయిపోతాయి. ఒక్కో ముక్కకి ఒక్కో జంతువు పేరు: సింహం, కోళ్ళు, అడవి గాడిదలు, తాబేళ్ళు, ఏనుగు, కంగారూలు, కోకిల, హంస. మధ్యలో చేపల తొట్టి, పక్షుల పంజరం, శిలాజాలు కూడా వస్తాయి. పియానో వాయించేవాళ్ళని సైతం ఒక జంతువు కింద లెక్కేశాడు. ఆఖరి ముక్కలో అందరూ మళ్ళీ పరుగెత్తుకొస్తారు.

కార్నివాల్ అంటే క్రైస్తవుల నలభై రోజుల ఉపవాస కాలానికి ముందు వేషాలు వేసుకుని, తిని, తాగి, ఆడిపాడే పండగ. అందుకే నేను దీన్ని ‘జంతువుల జాతర’ అంటాను. జాతరలో ఉండే వేషాలూ వెక్కిరింతలూ అన్నీ ఇందులో ఉన్నాయి.

రాసినాయన ఎవరు? పేరు ఎలా పలకాలి?

పేరు ‘కామీయ్ సాన్‌సాన్స్’ అని పలికితే దాదాపు సరిపోతుంది. రెండు ‘న్’లూ ముక్కుతో పలకాలి, చివరి ‘స్’ మాత్రం స్పష్టంగా వినిపించాలి.

1835 అక్టోబర్ 9న పారిస్‌లో పుట్టాడు. పుట్టిన కొద్ది నెలలకే తండ్రి పోయాడు. తల్లి, తల్లికి పిన్ని వరసయ్యే షార్లెట్ కలిసి పెంచారు. పియానో మొదట నేర్పింది ఆ పెద్దావిడే. పదేళ్ళ వయసులో, 1846లో, పారిస్‌లోని ప్లేయెల్ హాల్లో తొలి పెద్ద కచేరీ చేశాడు. అది అయ్యాక, బీథోవెన్ పియానో కోసం రాసిన 32 సొనాటాల్లో (పెద్ద రచనల్లో) ఏది అడిగినా పుస్తకం చూడకుండా వాయిస్తానన్నాడు. తర్వాత దాదాపు ఇరవై ఏళ్ళు పారిస్‌లోని మాడ్లేన్ చర్చిలో ఆర్గన్ వాయించాడు. ఖగోళశాస్త్రం మీద ఆయనకి చిన్నప్పటి నుంచీ పిచ్చి. సంగీతం రాసి సంపాదించిన డబ్బుతో టెలిస్కోప్ కొనుక్కున్నాడు. 1908లో, సినిమా ఇంకా పసిబిడ్డగా ఉన్నప్పుడే, ఒక ఫ్రెంచ్ మూకీ చిత్రానికి ప్రత్యేకంగా సంగీతం రాశాడు.

జీవితంలో పెద్ద దెబ్బే తిన్నాడు. 1878లో ఆరు వారాల తేడాలో ఇద్దరు చిన్న కొడుకులూ పోయారు. వాళ్ళలో ఒకడు ఇంటి కిటికీలోంచి పడిపోయాడు. మూడేళ్ళకి భార్యాభర్తలు విడిపోయారు. ఇంతటి అల్లరి సంగీతం రాసిన మనిషి కష్టం తెలియనివాడేం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. 1921 డిసెంబర్ 16న అల్జీర్స్‌లో చనిపోయాడు. అప్పటికి 86 ఏళ్ళు.

ఇది నిజంగా ఆర్కెస్ట్రా సంగీతమేనా?

రాసినప్పుడు 11 మంది కోసం రాశాడు: రెండు పియానోలు, రెండు వయొలిన్లు, వాటికంటే పెద్దవైన తీగ వాయిద్యాలు వయోలా, చెల్లో, డబుల్ బేస్, ఫ్లూట్, క్లారినెట్, జైలోఫోన్, గ్లాస్ హార్మోనికా. ఒక పెద్ద ఇంటి హాల్లో పట్టేంత బృందమే. ఇప్పుడు పెద్ద ఆర్కెస్ట్రాలు ఒక్కో వయొలిన్ బదులు పదేసి మందిని కూర్చోబెట్టి వాయిస్తుంటాయి. రెండు రకాలూ వినండి. నాకైతే 11 మంది వాయించిందే ఇష్టం. డబుల్ బేస్ ఒక్కటే ఉన్నప్పుడే ఏనుగు ఒంటరిగా, బరువుగా నడుస్తున్నట్టుంటుంది. ఎనిమిది డబుల్ బేస్‌లు కలిస్తే అది మంద అవుతుంది.

ఎందుకు రాశాడు?

ముందు ఏడాది జర్మన్ స్వరకర్త వాగ్నర్ సంగీతం గురించి, దాన్ని నెత్తిన పెట్టుకునే ఫ్రెంచివాళ్ళ గురించి ఆయన అన్న మాటలు జర్మనీలో చాలామందికి కోపం తెప్పించాయి. 1885-86 చలికాలంలో అక్కడ కచేరీలు చేయడానికి వెళ్తే ఆ పర్యటన చేదుగా ముగిసింది. అక్కణ్ణించి ఆస్ట్రియాలోని ఒక పల్లెటూరికి వెళ్ళి కొన్నాళ్ళు ఉన్నాడు. ఫిబ్రవరిలో అక్కడే ఇది రాసేశాడు.

నిజానికి అప్పుడు ఆయన చేతిలో వేరే పెద్ద పని ఉంది, మూడో సింఫనీ, అంటే పూర్తి ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచన. లండన్ నుంచి అడిగి రాయించుకుంటున్న పని. అదే ఏడాది మే 19న లండన్‌లో దాని తొలి ప్రదర్శన. ఈనాటికీ ‘ఆర్గన్ సింఫనీ’ అని గొప్పగా చెప్పుకునేది దాన్నే. ఆ పని పక్కన పెట్టి జంతువుల మీద పడ్డానని, కానీ ఇది భలే సరదాగా ఉందని తన ప్రచురణకర్త డ్యురాన్‌కి ఉత్తరం రాశాడు. కడుపు మండి ఉన్న రోజుల్లో మనిషికి నవ్వు కావాలి. నాకు ఇందులో కనిపించేది అదే.

తొలిసారి వాయించింది 1886 మార్చి 9న, కార్నివాల్ ఆఖరి మంగళవారం నాడు, చెల్లో విద్వాంసుడు షార్ల్ లెబూక్ ఇంట్లో. ఒక పియానో దగ్గర సాన్‌సాన్స్, రెండోదాని దగ్గర లూయీ దియెమేర్. ఫ్లూట్ పాల్ తఫానెల్ది, ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో ఆయనకి సాటి లేదు. మొత్తం స్నేహితుల మధ్యే. కొన్నాళ్ళకి, ఏప్రిల్ 2న, గాయని పౌలీన్ వియార్దో ఇంట్లో మళ్ళీ వాయించారు. అది హంగేరీకి చెందిన పేరుమోసిన పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ కోసం. ముసలి లిస్ట్ ఆ రోజుల్లో పారిస్ వచ్చి, ఈ సంగీతం వినాలని ఉందన్నాడు. అదే ఏడాది జూలైలో లిస్ట్ చనిపోయాడు.

మరి బతికుండగా ఎందుకు అచ్చు వేయనివ్వలేదు?

తన పేరు చెబితే జనానికి ఇదొక్కటే గుర్తొస్తుందని భయం. సింఫనీలు, కన్సర్టోలు (ఒక వాద్యకారుడు ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే రచనలు), ‘సామ్సన్ అండ్ డెలైలా’ లాంటి ఆపెరా రాసిన మనిషిని జోకులు వేసేవాడి కింద జమ కడతారని. అందుకే ‘హంస’ ఒక్కదాన్నే, అదీ చెల్లో, పియానోలకి కుదించి, 1887లో బయటికి వదిలాడు. మిగతావి తన తర్వాతే వేయాలని విల్లులో రాశాడు. ఆయన పోయిన రెండు నెలలకి, 1922 ఫిబ్రవరి 25న, పారిస్‌లో కాన్సెర్ కొలోన్ ఆర్కెస్ట్రా దీన్ని మొదటిసారి బహిరంగంగా వాయించింది. ఆ ఏడాదే డ్యురాన్ అచ్చు వేశారు.

ఆయన భయపడ్డట్టే జరిగింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కువమందికి ఆయన దీనితోనే తెలుసు. కానీ దీని చెయ్యి పట్టుకుని మూడో సింఫనీ దాకా వెళ్ళిన వాళ్ళని చాలామందిని చూశాను. నేనూ అలా వెళ్ళినదాన్నే.

సంగీతంలో జంతువుని ఎలా చూపిస్తారు? అరుపులు అనుకరిస్తారా?

అందరూ మొదట అలాగే అనుకుంటారు. కోళ్ళు, గాడిదలు, కోకిల ముక్కల్లో అరుపులే వినిపిస్తాయి, నిజమే. కోళ్ళ ముక్కలో వయొలిన్లు, పియానో ఒకే స్వరాన్ని టకటకా పొడుస్తుంటే, గింజల చుట్టూ చేరిన కోళ్ళు కళ్ళకి కడతాయి. మధ్యలో పుంజు కూత. సింహం ముక్కలో పియానోలు కింది స్వరాల్లో అలలా లేచి పడతాయి, అది గర్జన.

కానీ మిగతా చోట్ల ఆయన పట్టుకున్నది నడకని. ఇది మనకి కొత్త కాదు. మన కవులు హంసగమన అన్నారు, గజగమన అన్నారు. హంస అరుపు ఎలా ఉంటుందో ఎవరూ పట్టించుకోలేదు, అది నీళ్ళ మీద ఎలా కదులుతుందన్నదే చూశారు. ఇంకో పక్క మన శాస్త్రం సప్తస్వరాలని అరుపులతో ముడిపెట్టింది: షడ్జం నెమలిది, పంచమం కోయిలది, నిషాదం ఏనుగుది అని. అంటే అరుపు, నడక అనే ఈ రెండు దారులూ మనకి తెలిసినవే. సాన్‌సాన్స్ బాగా రాణించింది నడక దారిలో అని నా నమ్మకం.

కంగారూల ముక్క వినండి. రెండు పియానోలు వంతులవారీగా చిన్న చిన్న గెంతులు వేస్తాయి. గెంతులు పైకి పోతున్నకొద్దీ వేగం పెరుగుతుంది, కిందికి దిగేటప్పుడు తగ్గుతుంది. ఆ తర్వాత ఒక మెత్తని నిలుపు. కంగారూ ఆగి, చెవులు నిక్కబొడుచుకుని, అటూ ఇటూ చూసి, మళ్ళీ గెంతుతుంది. ఒక్క అరుపు లేదు, నిమిషం కూడా పట్టదు, కానీ మా పాప పేరు చెప్పకుండానే “కుందేలా?” అంది. గెంతు అయితే పట్టుకుంది కదా.

తాబేళ్ళ ముక్కలో నవ్వాల్సింది ఎక్కడ?

ఇది పారిస్ జనానికి వెంటనే తెలిసింది, మనకి చెప్పాలి. 1858లో ఒఫెన్‌బాక్ రాసిన ‘ఆర్ఫియస్ ఇన్ ది అండర్‌వరల్డ్’ అనే హాస్య ఆపెరాలో గాలప్ అనే పరుగు నాట్యపు బాణీ ఒకటి ఉంది. కాలు పైకెత్తి ఎగిరే కాన్‌కాన్ డాన్స్ అనగానే చెవిలో మోగే బాణీ అదే. సినిమాల్లో, కార్టూన్లలో మీరు వందసార్లు వినే ఉంటారు. ఊపిరి తీసుకోనివ్వని వేగం.

సాన్‌సాన్స్ దాన్నే తీసుకుని తాబేళ్ళ చేత వేయించాడు. మన దగ్గర సంగీతం నేర్చుకున్న వాళ్ళకి ఒక్క మాటలో చెప్పొచ్చు: మూడో కాలంలో పాడాల్సినదాన్ని మొదటి కాలంలో, అదీ ఇంకా సాగదీసి పాడించాడు. తీగ వాయిద్యాలన్నీ కలిసి, ఒకే గొంతుతో, నెమ్మదిగా ఆ బాణీని లాక్కుంటూ పోతాయి. పక్కన పియానో టుక్, టుక్, టుక్ అని ఒకేలా తడుతూ ఉంటుంది.

మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. అసలు బాణీ తెలియకపోవడమే కారణం. కాన్‌కాన్ విని, వెంటనే ఇది వినేసరికి ఒళ్ళు ఝల్లుమంది. మీరూ అదే వరసలో వినండి. ఇంకో సంగతి, నవ్వు అయిపోయాక వింటే అది అందంగా కూడా ఉంటుంది. వేగంలో ఎప్పుడూ వినపడని బాణీ వంపులన్నీ నెమ్మదిలో బయటపడతాయి.

ఏనుగులోనూ అలాంటి జోకు ఉందా?

ఉంది. డబుల్ బేస్ అంటే మనిషి కంటే ఎత్తుండే, నిలబడి వాయించే పెద్ద వాయిద్యం. మామూలుగా వెనక నిలబడి కింది స్వరాలు అందిస్తుంది, పాట దాని చేతికి రాదు. ఇక్కడ దానికే పాట ఇచ్చాడు. పియానో వాల్ట్జ్ లయ (ఒకటి-రెండు-మూడు అని సాగే నాట్య లయ) వేస్తుంటే ఏనుగు నాట్యం చేస్తుంది.

మధ్యలో రెండు బాణీలు తొంగిచూస్తాయి. ఒకటి బెర్లియోజ్ ‘డామ్నేషన్ ఆఫ్ ఫౌస్ట్’లోని గాలి దేవతల నృత్యం, రెండోది ‘మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ కోసం మెండెల్సన్ రాసిన స్కెర్జో అనే చురుకైన ముక్క. రెండూ దూదిపింజల్లా తేలిపోయే సంగీతాలు. కంటికి కనపడని చిన్న చిన్న దేవతలు ఎగురుతున్నట్టు వయొలిన్లూ ఫ్లూట్లూ వాయించేవి. వాటిని పట్టుకొచ్చి ఏనుగు వీపున పెట్టాడు. ఆశ్చర్యమేమిటంటే ఏనుగు వాటిని కింద పడెయ్యదు. మంచి వాద్యకారుడి చేతిలో ఆ డబుల్ బేస్ ఎంత హుందాగా తిరుగుతుందో వింటే గజగమన అన్న మాట ఎందుకు పుట్టిందో తెలుస్తుంది.

జంతువుల మధ్య పియానిస్టులు ఏం చేస్తున్నారు?

సాధన చేస్తున్నారు. మన సరళీ వరుసల్లాంటివే. సా నుంచి పైకి, కిందికి, మళ్ళీ పైకి. ఒక శ్రుతిలో అయ్యాక అర మెట్టు పైకెక్కి మళ్ళీ అదే, మళ్ళీ అర మెట్టు, మళ్ళీ అదే. ఒక్కో మెట్టుకీ ముందు మిగతా వాద్యాలు “ఊఁ, తర్వాత” అన్నట్టు గట్టిగా ఒక దెబ్బ వేస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళ తడబాటుని వాయించేవాళ్ళు అనుకరించాలని అచ్చైన పుస్తకంలోనే సూచన ఉంది. అందుకే మహా విద్వాంసులు కూడా ఇక్కడ కావాలని తప్పులు వాయిస్తారు, ఒకరికంటే ఒకరు ముందు పరుగెత్తుతారు.

అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ పిల్లాడు రోజూ సాయంత్రం కీబోర్డ్ మీద ఇవే మెట్లు ఎక్కి దిగుతుంటాడు. నాలుగో మెట్టు దగ్గర ప్రతిసారీ వేలు జారుతుంది, ఆగుతాడు, మళ్ళీ మొదటికొస్తాడు. ఈ ముక్క విన్నాక ఆ చప్పుడు నాకు ముద్దొస్తోంది. సాన్‌సాన్స్ కూడా అలా మెట్లెక్కిన పిల్లాడే, పాఠాలు చెప్పిన మేష్టారే. ఇందులో నవ్వు ఉంది, కోపం లేదు.

శిలాజాలంటే రాళ్ళు కదా, వాటికి సంగీతమేమిటి?

ఎముకలు! జైలోఫోన్ చెక్కల మీద కర్రలు పడే చప్పుడు ఎముకలు ఒకదానికొకటి తగిలినట్టు ఉంటుంది. సాన్‌సాన్స్ ఈ వాద్యాన్ని అంతకు పదేళ్ళ ముందే ‘డాన్స్ మకాబ్ర్’ అనే ఆర్కెస్ట్రా రచనలో అస్థిపంజరాలు నాట్యం చేసేచోట వాడాడు. ఇక్కడ ముందుగా వచ్చే బాణీ అదే. తర్వాత పాత ఫ్రెంచ్ పిల్లల పాటలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వాటిలో ఒకటి మన పిల్లలందరికీ తెలుసు, ‘ట్వింకిల్ ట్వింకిల్ లిటిల్ స్టార్’ బాణీ. అది మొదట ఫ్రెంచ్ పాట. చివర్లో రోసీనీ ఆపెరా ‘బార్బర్ ఆఫ్ సెవిల్’లోని పేరుమోసిన పాట ఒకటి.

అరిగిపోయిన బాణీలన్నీ శిలాజాలే అని ఆయన మాట. అందులో మొదటి శిలాజం తన సొంత బాణీయే కావడం నాకు చాలా నచ్చుతుంది.

‘పొడుగు చెవుల పెద్దమనుషులు’ ఎవరు?

గాడిదలు. గాడిదలంటే సంగీత విమర్శకులని ఎక్కువమంది నమ్మకం. రెండు వయొలిన్లు మాత్రమే. ఒకటి పైన కీచుమంటే ఇంకోటి కింద ఓండ్ర పెడుతుంది. మొత్తంలో పొట్టి ముక్కల్లో ఇదొకటి. ఆఖరి ముక్కలో అందరి సంబరం ముగియబోతుండగా ఈ ఓండ్ర మళ్ళీ వినపడుతుంది, జాగ్రత్తగా వినండి.

కోకిల ముక్కలోది మన కోయిలేనా?

కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. వసంతంలో మామిడి కొమ్మ మీద కూసే మన కోయిల స్వరం కింద మొదలై పైకి లేస్తుంది, పిలిచేకొద్దీ ఇంకా పైకి పోతుంది. పిల్లలు వెక్కిరిస్తే రెచ్చిపోయి ఇంకా గట్టిగా కూస్తుంది. యూరప్ కుకూ వేరే పక్షి. దానిది రెండే స్వరాలు, పైనుంచి కిందికి: ‘కు-కూ’. గోడ గడియారంలో కూసేది అదే. రెండూ బంధువులే, వేరే పక్షుల గూట్లో గుడ్లు పెట్టే అలవాటూ రెండింటికీ ఉంది.

ఈ ముక్కలో క్లారినెట్ వాయించే మనిషి వేదిక మీద కనపడకూడదు. తెర వెనక నుంచి ఆ రెండు స్వరాలే 21 సార్లు వాయిస్తాడు. ముందున్న రెండు పియానోలు అడవి: నెమ్మదిగా, ఒక్కో అడుగూ వేస్తూ, చీకటి చెట్ల మధ్య నడిచినట్టు. పక్షి మారదు, దాని చుట్టూ వెలుగు మారుతుంటుంది. అలా రెండే స్వరాలతో అంత అడవిని చూపించడం చిన్న విషయం కాదు.

‘అక్వేరియం’ ఎక్కడో విన్నట్టుంది?

కాన్ చలనచిత్రోత్సవంలో సినిమా మొదలయ్యే ముందు వినిపించే సంగీతం ఇదే. ట్రైలర్లలో, ప్రకటనల్లో, మాయలూ మంత్రాలూ ఉన్న సినిమాల్లో దీన్నీ దీని పోలికలనీ తెగ వాడుతుంటారు.

సాన్‌సాన్స్ ఇక్కడ గ్లాస్ హార్మోనికా అడిగాడు. తడివేళ్ళతో గాజు గిన్నెల అంచుల్ని రాస్తే పలికే వాద్యం అది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1761లో దానికొక యంత్రరూపం ఇచ్చాడు. మన జలతరంగం విన్నవాళ్ళు ఆ నాదాన్ని కొంత ఊహించుకోవచ్చు, కాకపోతే జలతరంగంలో కర్రతో కొడతాం, ఇక్కడ వేలితో రాస్తారు. ఆ వాద్యం దొరకడం కష్టం కాబట్టి ఇప్పుడు ఎక్కువగా లోహపు పలకలు గంటల్లా మోగే చెలెస్టా, గ్లాకెన్‌ష్పీల్ వాడుతున్నారు. పియానోలు జారే నీళ్ళు, ఫ్లూటూ వయొలిన్లూ చేపలు.

‘హంస’ చనిపోతుందా?

సాన్‌సాన్స్ హంస చావదు. ఆయన రాసింది బతికున్న హంస, నీళ్ళ మీద తేలే హంస.

చావు తర్వాత వచ్చి చేరింది. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో రష్యాలో నృత్యదర్శకుడు మిషెల్ ఫోకిన్ ఈ సంగీతానికి బాలే నర్తకి అన్నా పావ్లోవా కోసం ఒక చిన్న నాట్యం కూర్చాడు. అదే ‘ది డయింగ్ స్వాన్’గా ప్రపంచమంతా తిరిగింది. పావ్లోవా దాన్ని వేల సార్లు చేసిందంటారు. ఆమె మన దేశానికీ వచ్చింది. 1928లో ఆమె పరిచయమే రుక్మిణీదేవి అరండేల్‌ని నాట్యం వైపు తిప్పింది. ముందు బాలే నేర్చుకుని, ఆ పైన పావ్లోవా ప్రోత్సాహంతోనే మన నాట్యం వైపు చూసి, 1936లో కళాక్షేత్ర స్థాపించింది. ఒక ఫ్రెంచ్ హంస కథ మద్రాసు దాకా అలా వచ్చింది.

సంగీతానికి వస్తే, కేవలం 28 ఆవర్తనాల (బార్ల) ముక్క. చెల్లో పాడుతుంది. ఒక పియానో ఆగకుండా చిన్న చిన్న అలలు వేస్తూ ఉంటుంది. రెండోది అప్పుడప్పుడూ వీణ తీగలు మీటినట్టు స్వరగుచ్ఛాలు విరజిమ్ముతుంది. పియానో మీదకే చెవి పెట్టి వినండి. నీళ్ళ పైన కనపడేది చెల్లో, నీళ్ళ కింద కాళ్ళు ఆడిస్తున్నది పియానో. చెల్లో మొదటి స్వరం నుంచి మెల్లగా మెట్లు దిగి, కింద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పైకి లేస్తుంది. ఆ ఆగే చోట విల్లు తీగ మీద ఆగుతున్నట్టు తెలియనివ్వనివాళ్ళే నిజమైన వాద్యకారులు.

ఇన్ని జోకుల మధ్య ఇది ఒక్కటే జోకు లేని ముక్క. అందుకేనేమో దీన్నొక్కదాన్నే బయటికి పంపాడు.

అడవి గాడిదలు ఏ జంతువు?

ఫ్రెంచ్‌లో ‘ఎమియోన్’ అన్నాడు, ఆసియా మైదానాల్లో గాలిలా పరుగెత్తే అడవి గాడిద. వాటిలో మనదైన రకం గుజరాత్‌లోని చిన్న కచ్ రణ్‌లో ఇప్పటికీ ఉంది. రెండు పియానోలు ఒకే బాణీని పైకీ కిందికీ ఆపకుండా తరుముతాయి. చెవులు విదిల్చేలోపు అయిపోతుంది.

‘పీటర్ అండ్ ది వోల్ఫ్’ కూడా ఈయనదేనా?

కాదు. అది రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ 1936లో పిల్లల కోసం రాసిన కథ. రెండూ ఒకే ఆల్బమ్‌లో వస్తుంటాయి కాబట్టి ఈ గందరగోళం. సాన్‌సాన్స్‌ది పిల్లల కోసం రాసింది కాదు. పెద్దవాళ్ళు, అదీ సంగీతంలో తల పండినవాళ్ళు, తమలో తాము నవ్వుకోవడానికి రాసుకున్నది. పిల్లలు దాన్ని తమది చేసుకున్నారు.

కొన్ని రికార్డింగుల్లో మధ్యలో పద్యాలు చదువుతున్నారే?

అవి ఆయన రాసినవి కావు. 1949లో అమెరికన్ కవి ఆగ్డెన్ నాష్ ఒక రికార్డు కోసం సరదా పద్యాలు రాస్తే నోయెల్ కవార్డ్ చదివాడు. అక్కణ్ణించి అలవాటైంది. మొదటిసారి మాత్రం మాటలు లేకుండా వినండి.

పిల్లలకి ఎలా వినిపించాలి?

పేర్లు చెప్పకుండా. ఫోన్ స్క్రీన్ చూపించకుండా. “ఇది ఎవరి నడకో నడిచి చూపించు” అంటే చాలు. మా పాపకి అప్పుడు ఆరేళ్ళు. ఏనుగు ముక్క పెడితే రెండు చేతులూ ముందుకి వేలాడేసి, హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకి అడుగులేసింది. మూడో దెబ్బ మీద కాస్త ఊగింది. వాల్ట్జ్ అని ఎవరూ చెప్పలేదు, ఒకటి-రెండు-మూడు లయ తనంతట తనే కాళ్ళలోకి వచ్చింది. హంస వచ్చేసరికి నడక మానేసి సోఫా మీద కూర్చుండిపోయింది. అప్పుడేమీ అడగొద్దు. 14 ముక్కలూ ఒకేసారి పెట్టొద్దు, రోజుకి మూడు చాలు.

ఫ్రెంచ్ వాళ్ళలో జంతువుల మీద ఇంకెవరు రాశారు?

చాలామందే. 18వ శతాబ్దంలోనే రామో హార్ప్సికార్డ్ (పియానోకి ముందు తరం కీబోర్డ్ వాద్యం) మీద ‘కోడిపెట్ట’ అనే ముక్క రాశాడు, సాన్‌సాన్స్ కోళ్ళు విన్నాక అది వినండి. రావెల్ 1906లో నెమలి, కీచురాయి, హంస వగైరా మీద ‘ఇస్త్వార్ నాచ్యురెల్’ అనే ఐదు పాటలు కట్టాడు. పూలాంక్‌కీ జంతువుల పాటలున్నాయి.

అందరికంటే దూరం వెళ్ళినవాడు ఒలివియే మెస్సియాన్. పుస్తకం, పెన్సిల్ పట్టుకుని అడవుల్లో కూర్చుని పక్షుల కూతల్ని స్వరాల్లో రాసుకున్నాడు. 1956 నాటి ఆయన ‘వాజో ఎగ్జోటీక్’లో మన దేశపు కొండ గోరింక, షామా పిట్ట కూడా కూస్తాయి. ఆయన తాళాలు మరీ దగ్గరివి: శార్ఙ్గదేవుడు 13వ శతాబ్దంలో ‘సంగీతరత్నాకరం’లో పట్టిక వేసిన 120 దేశీ తాళాల్ని చదివి, తన సంగీతమంతటా వాడుకున్నాడు. సాన్‌సాన్స్ నవ్వు మెస్సియాన్‌లో దొరకదు, ఆయన పక్షుల్ని దేవుడి దూతల్లా చూశాడు. వేరే రకం ప్రేమ.

స్కూల్ ఫంక్షన్‌లో వాడుకోవచ్చా? కాపీరైట్ ఉందా?

సంగీత రచన మీద లేదు, గడువు ఎప్పుడో తీరిపోయింది. స్వరలిపి పుస్తకం ఐఎంఎస్ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ పిల్లలే వాయిస్తే ఎవరినీ అడగక్కర్లేదు. ఎవరో వాయించిన రికార్డింగుకి మాత్రం హక్కులు వేరే. ఫంక్షన్ వీడియోని ఆ రికార్డింగుతో యూట్యూబ్‌లో పెడితే క్లెయిమ్ రావచ్చు.

ఏ రికార్డింగ్‌తో మొదలుపెట్టాలి?

మార్తా ఆర్గెరిచ్, నెల్సన్ ఫ్రైరె పియానోల మీద, గిడోన్ క్రెమర్ వయొలిన్, మీషా మైస్కీ చెల్లోతో చిన్న బృందంగా చేసిన రికార్డింగ్ నా మొదటి మాట. 2020లో ఇంగ్లండ్‌కి చెందిన కానే-మేసన్ అక్కచెల్లెళ్ళూ అన్నదమ్ములూ కలిసి చేసింది కూడా బాగుంటుంది. ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు కాబట్టి ఒకరినొకరు ఆటపట్టించడం ఆ వాయిద్యంలో తెలుస్తుంది. ముందు కాన్‌కాన్, వెంటనే తాబేళ్ళు, తర్వాత కంగారూలు, ఆ పైన కోకిల, రాత్రి పడుకునే ముందు హంస. ఇయర్‌ఫోన్స్ ఉంటే మంచిది. డబుల్ బేస్ కింది స్వరాలు ఫోన్ స్పీకర్‌లో సరిగా వినపడవు, ఏనుగు సగం మాయమైపోతుంది.